కడిగినా వదలని సోడా: కొరాపుట్, రాయగడ ఎర్రబురద వెనుక చరిత్ర

జయపురం నుంచి రాయగడ, గుణుపురం దాకా తెలుగు వినపడే ఊళ్లలో బాక్సైట్ మాట వస్తే చర్చంతా కొండ తవ్వకం మీదే నడుస్తుంది. నియమగిరిపై 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఆ తర్వాత 12 గ్రామసభలు ముక్తకంఠంతో వద్దనడం అందరికీ గుర్తే. తవ్వకం గురించి మాట్లాడాల్సిందే. అయితే తవ్విన రాయి శుద్ధి కర్మాగారంలోకి వెళ్లాక అటు నుంచి వచ్చే ఎర్రబురద గురించి మనం మాట్లాడుకునేది చాలా తక్కువ. బాక్సైట్ నుంచి టన్ను అల్యూమినా (అల్యూమినియం లోహానికి ముడిసరుకైన తెల్లటి పొడి) తీస్తే ఇంచుమించు టన్ను బురద, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే మిగులుతుంది. గని మూతపడ్డా అది ఇక్కడే ఉంటుంది. పైగా ఇది ఒక్క ఒడిశా సంగతి కాదు. లాంజిగఢ్ ప్రాంతంలో పుట్టిన వంశధార శ్రీకాకుళం జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. నాగావళి రాయగడ మీదుగా మన వైపు దిగుతుంది. కొరాపుట్ పీఠభూమి మీది కోలాబ్ నది శబరిగా మారి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది.

ఈ బురద స్వభావం తెలియాలంటే రాయి దగ్గర మొదలుపెట్టాలి. ఇక్కడి కొండల అసలు రాయి ఖొండలైట్. కలహండి ప్రాంతంలో పనిచేసిన భూగర్భ శాస్త్రవేత్త టి.ఎల్.వాకర్ 1902లో ఖోండు గిరిజనుల పేరు మీద దానికి ఆ పేరు పెట్టాడు. లక్షల ఏళ్ల వానలకు ఆ రాయిలోని సిలికా కరిగి కిందికి పోయింది. చదునుగా ఉన్న కొండ నెత్తిన అల్యూమినా, ఇనుము, టైటానియం మిగిలాయి. పంచపట్‌మాలి, బాఫ్లిమాలి, కొడింగమాలి శిఖరాలన్నీ ఆ కోవలోవే. అదే పట్టీ మన గాలికొండ, చింతపల్లి దాకా సాగుతుంది. 1970ల్లో ఈ తూర్పుతీర నిక్షేపాల పరిమాణం తేలాక 1981లో ప్రభుత్వ రంగ సంస్థ నాల్కో (నేషనల్ అల్యూమినియం కంపెనీ) ఏర్పడింది. సాంకేతికత ఫ్రాన్స్‌కు చెందిన అల్యూమినియం కంపెనీ పెషినీది. 1985లో పంచపట్‌మాలి గని, ఆ మరుసటి ఏడాది దామన్‌జోడి రిఫైనరీ మొదలయ్యాయి. కొండ మీది నుంచి ఖనిజం 14.6 కిలోమీటర్ల కన్వేయర్ బెల్టు మీద దిగుతుంది.

ఈ రాయి అంత ఆకర్షణీయం కావడానికి కారణం అందులోని ఖనిజమే. అల్యూమినా ఎక్కువ భాగం గిబ్సైట్ రూపంలో ఉంది. గిబ్సైట్ కాస్టిక్ సోడాలో సులువుగా కరుగుతుంది. బోమైట్, డయాస్పోర్ రకాలైతే 240 డిగ్రీలు దాటిన వేడి, దానికి తగ్గ పీడనం కావాలి. దామన్‌జోడిలో 105 డిగ్రీల దగ్గర, మామూలు వాతావరణ పీడనంలోనే పని జరుగుతుంది. ఆవిరి ఆదా, బొగ్గు ఆదా, మందపాటి పీడన పాత్రల ఖర్చూ ఆదా. అప్పటి ఇంజనీర్లు చేసిన ఎంపిక సరైనదే. కానీ ఏది కరుగుతుంది, ఏది బురదలోకి పోతుంది అన్నదీ ఆ ఎంపికతోనే తేలిపోయింది.

పద్ధతి మూలాలు ఇంకా పాతవి. ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ జోసెఫ్ బేయర్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేస్తున్నప్పుడు బట్టల అద్దకానికి అల్యూమినా అవసరమై దీన్ని కనిపెట్టాడు. సోడియం అల్యూమినేట్ ద్రావణంలో కొంత హైడ్రేట్ (నీటితో కూడిన అల్యూమినా) పలుకులను విత్తనంగా వేస్తే మిగతా అల్యూమినా వాటి చుట్టూ పేరుకుంటుందని 1888 ప్రాంతంలో పేటెంట్ తీసుకున్నాడు. ఖనిజాన్నే కాస్టిక్‌లో ఒత్తిడితో కరిగించడం ఆ తర్వాతి మెట్టు. 1893లో ఫ్రాన్స్‌లోని గార్దాన్‌లో మొదటి కర్మాగారం పెట్టారు. అప్పటి నుంచి వరస మారలేదు: రాయి నూరి, సోడాలో కరిగించి, బురదను తేర్చి, తేట ద్రావణాన్ని చల్లార్చి, విత్తనం వేసి, వచ్చిన హైడ్రేట్‌ను వెయ్యి డిగ్రీలకు పైగా కాల్చడం. సోడా మళ్లీ మొదటికి తిరిగి వెళ్తుంది. కాగితం మీద అది తిరుగుతూనే ఉండాలి. నిజంలో రెండు చోట్ల కారిపోతుంది.

మొదటిది బంకమట్టిలోని సిలికా. కరగడానికి 2 శాతం సిలికా సిద్ధంగా ఉందనుకుందాం. టన్ను అల్యూమినాకు 3 టన్నుల బాక్సైట్ చొప్పున 60 కిలోల సిలికా లోపలికొస్తుంది. అది సోడానూ అల్యూమినానూ పట్టుకుని సోడలైట్ అనే గట్టి ఖనిజంగా మారి బురదలో చేరుతుంది. కిలో సిలికా మింగే కాస్టిక్ మూడింట రెండొంతుల కిలో నుంచి కిలోకు దగ్గరగా ఉంటుంది. అంటే టన్నుకు 40 నుంచి 55 కిలోల దాకా సోడా బురద పాలు. దీన్ని కావాలనే జరగనిస్తారు. రాతిగుజ్జును గంటల తరబడి 100 డిగ్రీల దరిదాపుల్లో నిలబెట్టి సిలికా ముందే పేరుకునేలా చూస్తారు. లేకపోతే అది పైపులకూ హీటర్లకూ పెచ్చులా పట్టుకుంటుంది, అల్యూమినానూ చెడగొడుతుంది. గనిలో బాక్సైట్ అడుగున ఉన్న మట్టి పొరను కాస్త ఎక్కువ గీకితే చాలు, ఆ వారం సోడా ఖర్చు పెరిగిపోతుంది.

రెండోది కడుగుడు దగ్గర. సెట్లర్ అనే తేర్చే తొట్టిలో ఫ్లాక్యులెంట్ (సన్నటి రేణువులను గుంపుగా చేర్చే మందు) వేసి బురదను దించుతారు. మందు తగ్గితే ఎరుపు తేటలోకి తేలి అల్యూమినాలో ఇనుము చేరుతుంది. ఎక్కువైతే అడుగు బంకలా బిగుసుకుని బురదను అడుగున గోకే రేక్‌ను తిప్పే మోటారు మీద భారం పడుతుంది. తర్వాత వరసగా ఐదారు వాషర్లు. బురద ఒక దిక్కున, కడిగే నీళ్లు ఎదురు దిక్కున. నీళ్లెక్కువ పోస్తే సోడా బాగానే వస్తుంది, కానీ ఆ నీళ్లన్నీ మళ్లీ ఆవిరి చేయాలి, దానికి బొగ్గు కాలాలి. అందుకే ఎక్కడో ఒక చోట కడగడం ఆపేస్తారు. ఆ మిగిలిన సోడాతోనే బురద చెరువు చేరుతుంది.

105 డిగ్రీల ఎంపికకు ఇంకో పర్యవసానం ఉంది. ఇక్కడి ఇనుములో కొంత గోథైట్ అనే ఖనిజం రూపంలో ఉంటుంది, దాని స్ఫటికంలో ఇనుము స్థానంలో అల్యూమినియం ఇరుక్కుని ఉంటుంది. ఆ వేడికి అది విడిపడదు. అందుకే ఈ బురదలో సగం దాకా ఇనుప ఆక్సైడ్ ఉన్నా, గణనీయంగా అల్యూమినా కూడా ఉండిపోతుంది.

పెషినీ వాళ్ల సొంత గార్దాన్‌లో బురదను 1966 నుంచి గొట్టం ద్వారా మధ్యధరా సముద్రం అడుగుకు వదిలారు. మత్స్యకారుల నిరసనల మధ్య అది 2015 చివరి దాకా సాగింది. సముద్రానికి వెయ్యి మీటర్ల దరిదాపు ఎత్తున ఉన్న కొరాపుట్ పీఠభూమిలో ఆ దారి లేదు. లోయకు అడ్డంగా కట్ట వేసి పలచటి బురద నింపడమే మిగిలింది. ఇక్కడ ఏటా 1500 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన. ఎండాకాలంలో చెరువు నీళ్లను తిరిగి కడుగుడుకు వాడుకోవచ్చు. శ్రావణంలో పడినంతా వాడే చోటు కర్మాగారంలో ఉండదు, మట్టం పెరుగుతూనే ఉంటుంది.

బురద రేణువులు పది మైక్రాన్ల కంటే చిన్నవే ఎక్కువ. ఏళ్ల తర్వాత కూడా అడుగున గట్టిపడవు. పైన ఎండి పగుళ్లిస్తుంది, ఏప్రిల్‌లో తెల్లటి సోడా పొర పూస్తుంది, గాలికి లేస్తుంది. కింద మాత్రం గడ్డపెరుగులా ఉంటుంది, కుదిపితే జారుతుంది. 2010 అక్టోబర్ 4న హంగరీలోని అజ్కాలో 10వ నంబరు చెరువు వాయవ్య మూల కట్ట తెగి 6 లక్షల ఘనమీటర్లకు పైగా బురద ఊళ్ల మీద పడింది. పదిమంది చనిపోయారు. చాలామందికి క్షారం వల్ల ఒళ్లు కాలింది. 2019 ఏప్రిల్‌లో ఝార్ఖండ్‌లోని మూరిలోనూ బురద గుట్ట జారింది. అజ్కా తర్వాత ఫిల్టర్ ప్రెస్ మీద పిండి, 70 శాతం దాకా ఘనపదార్థం ఉన్న ముద్దను పేర్చే పద్ధతికి ఊపొచ్చింది. కట్ట తెగే ప్రమాదం దానితో బాగా తగ్గుతుంది. సోడా మాత్రం అలాగే ఉంటుంది.

ఇక్కడే పరిశోధన దశాబ్దాలుగా తడబడుతోంది. ఆస్ట్రేలియాలోని గ్లాడ్‌స్టన్‌లో సముద్రపు నీళ్లు కలుపుతారు. అందులోని మెగ్నీషియం, కాల్షియం క్షారాన్ని అవక్షేపంగా దించేస్తాయి. మన పీఠభూమికి సముద్రం లేదు కాబట్టి జిప్సమ్ వాడి చూస్తారు, ఆమ్లం పోసి చూస్తారు. పోసిన రోజు పీహెచ్ (క్షారత కొలత, 7 అంటే తటస్థం) 8కి దిగుతుంది. కొన్ని వారాలకు మళ్లీ ఎక్కుతుంది, ఎందుకంటే సోడలైట్ నెమ్మదిగా కరుగుతూ కొత్త సోడా వదులుతూనే ఉంటుంది. ఒక్కరోజు కొలతతో ‘తటస్థం చేశాం’ అనడం మోసమే.

ఇనుము తీయడం మీద భువనేశ్వర్‌లోని ఖనిజ పరిశోధన సంస్థ ఐఎంఎంటీ, నాగపూర్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ అల్యూమినియం పరిశోధన కేంద్రం వంటివి చాలా పనిచేశాయి. బొగ్గుతో కాల్చి మాగ్నెటైట్‌గా మార్చి అయస్కాంతంతో ఏరడం సూత్రం. రేణువు మరీ సన్నం కావడంతో అల్యూమినా, టైటానియం వెంటే వస్తాయి, సోడా కొలిమి ఇటుకలను తినేస్తుంది. సిమెంటులో ఇనుము కోసం కొంత కలుపుతారు. అక్కడ క్షారానికి పరిమితి ఉంది కాబట్టి క్లింకర్ ముడిసరుకులో కొద్ది శాతమే చెల్లుతుంది. దానికి తోడు ముద్దలో పావు వంతుకు పైగా నీళ్లే, దానికీ రైలు కిరాయి కట్టాలి. గాలియం, స్కాండియం మాటలు వినసొంపుగా ఉంటాయి గానీ స్కాండియం టన్నులో గ్రాముల్లోనే ఉంటుంది. అది తీశాక కూడా బురద పరిమాణం తగ్గదు.

దిగువ ఊళ్లవారు బావి నీళ్లను పరీక్షకు పంపేటప్పుడు పీహెచ్ ఒక్కటే అడిగితే చాలదు. సోడియం, విద్యుత్ వాహకత, కరిగిన అల్యూమినియం మూడూ రాయించాలి. వానలకు ముందు ఒకసారి, వానలు తగ్గాక కార్తీకంలో ఒకసారి, అదే బావిలో, అదే లోతున.