మిస్టర్ బీన్ ముఖం ఒక్కటీ చాలదు: అపోహలు, వాస్తవాలు

మూకాభినయం నేర్చుకోవడానికి వచ్చే ప్రతి కొత్త బ్యాచ్‌లో మొదటి రోజే ఎవరో ఒకరు కనుబొమ్మలు ఎగరేసి, పెదవులు వంకర తిప్పి, "మాస్టారూ, మిస్టర్ బీన్!" అంటారు. అందరూ నవ్వుతారు. రెండో నిమిషానికల్లా ఆ నవ్వు ఆగిపోతుంది, చేసేవాడి దగ్గర సరుకూ అయిపోతుంది. మిస్టర్ బీన్‌గా నటించిన బ్రిటిష్ నటుడు రోవన్ అట్కిన్‌సన్ గురించి నేను వినే అపోహలు అక్కడి నుంచే మొదలవుతాయి.

అపోహ: దేవుడు అలాంటి ముఖం ఇచ్చాడు, ఆయన నటించక్కర్లేదు.

వాస్తవం: ముఖం సాయపడింది, కాదనను. మరి బ్లాక్‌ఆడర్ సంగతేమిటి? బీబీసీలో 1983 నుంచి 1989 దాకా నాలుగు సిరీస్‌లుగా వచ్చిన ఆ కామెడీలో, రెండో సిరీస్ నుంచి ఆయన ముఖం కదిలేది చాలా తక్కువ. అందులో ఆయన పాత్ర తెలివైనవాడు, అన్నిటికీ విసుగెత్తినవాడు, మాటతోనే కోసేసే రకం. ఏ మాట ఎక్కడ ఆపాలి, ఎంత గ్యాప్ ఇచ్చి వదలాలి అన్న లెక్కలోనే నవ్వంతా ఉంది. 1989 నవంబర్‌లో అది ముగిసింది. రెండు నెలలు తిరక్కుండానే, 1990 జనవరి 1న, అదే మనిషి ఐటీవీ ఛానల్లో మిస్టర్ బీన్‌గా వచ్చి మాటను దాదాపు పక్కన పెట్టేశారు.

పార్కు బెంచీ మీద శాండ్‌విచ్ చేసుకునే ఘట్టం చూడండి. పక్కనున్న పెద్దమనిషి ఇంటి నుంచి తెచ్చుకున్న శాండ్‌విచ్ తింటూ ఉంటాడు. బీన్ కోటులోంచి బ్రెడ్డు తీసి కత్తెరతో కోస్తాడు, క్రెడిట్ కార్డుతో వెన్న రాస్తాడు. ఆకుకూర కడిగి, తన సాక్సులో వేసి గిరగిరా తిప్పి నీళ్లు పోగొడతాడు. మిరియాలను రుమాల్లో చుట్టి బూటుతో దంచుతాడు. ఒక్క పని కూడా పిచ్చిగా చేయడు. ఆకు ఆరాలి, చేతిలో సాక్సు ఉంది, అంతే. అతనికి అది వంట, మనకు కామెడీ. మా పిల్లల చేత ఇదే చేయించి, ముఖం మాత్రం అస్సలు తిప్పొద్దంటాను. ఓవరాక్షన్ తీసేస్తే చేతులకు ఎంత పని ఉందో అప్పుడు తెలిసొస్తుంది.

అపోహ: నత్తి ఉంది కాబట్టి మాటల్లేని పాత్ర పెట్టుకున్నారు.

వాస్తవం: నత్తి నిజమే, ఆయన దాచలేదు. 'బ' లాంటి అక్షరాలను ఒత్తి పలికి దాటేస్తారు. అయితే వేరే పాత్రలోకి వెళ్తే నత్తి పోతుందని ఆయనే చెప్పారు. బ్లాక్‌ఆడర్‌లో అన్ని మాటలు మాట్లాడిన మనిషికి ఈ వాదన ఎలా అతుకుతుంది? 1987లో, బీన్ ఇంకా టీవీకి రాకముందే, కెనడాలోని మాంట్రియల్ హాస్యోత్సవానికి వెళ్లినప్పుడు, తనను ఫ్రెంచ్ కార్యక్రమంలోనే వేయమని పట్టుబట్టారు. ఇంగ్లిష్ అక్కర్లేకుండా ఈ పాత్ర నవ్వించగలదా అని పరీక్ష.

అపోహ: చదువు అబ్బక కామెడీలోకి వచ్చారు.

వాస్తవం: న్యూకాజిల్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, ఆ పైన ఆక్స్‌ఫర్డ్‌లో మాస్టర్స్. అక్కడ ఆయన పరిశోధన తనను తానే సరిచేసుకునే నియంత్రణ వ్యవస్థల మీద. హాల్లో నవ్వు విని తర్వాతి కదలికను సరిచేసుకునే నటుడి పని కూడా అదే కదా అని నాకు అనిపిస్తుంది. రచయిత రిచర్డ్ కర్టిస్, సంగీతకారుడు హోవర్డ్ గుడాల్ పరిచయమైందీ ఆక్స్‌ఫర్డ్‌లోనే. బీన్ మొదట్లో వినిపించే చర్చి పాట గుడాల్‌దే. లాటిన్‌లో ఎంతో భక్తిగా పాడతారు, అర్థం మాత్రం 'ఇదిగో చూడండి, చిక్కుడుగింజ అనే మనిషి' అని!

అపోహ: వందల ఎపిసోడ్లు తీశారు.

వాస్తవం: ఆయన నటించిన అసలు సిరీస్‌లో ఉన్నవి పదిహేను ఎపిసోడ్లే. మన ఇళ్లలో పిల్లలు చూసేది 2002లో మొదలైన కార్టూన్.

అపోహ: ఆయనకు అదంతా సరదా.

వాస్తవం: బీన్‌గా చేయడం ఒత్తిడి, అలసట అని ఆయనే అన్నారు. పాత్ర భారమంతా ఒక్కరి మీదే పడితే టెన్షన్ ఉండదా?

2022లో, 67 ఏళ్ల వయసులో, ఒక నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌లో ఆయన ఒక తేనెటీగతో యుద్ధం చేశారు. తెరమీద కనిపించే ఈగ కంప్యూటర్ గీసింది. ఎదురుగా లేనిదాన్ని కళ్లతో పట్టుకుని గదంతా తిప్పాలి. ఇదే పని మావాళ్లకు ఇచ్చాను. పది సెకన్లకే ఒకడి ఈగ కిటికీ దగ్గర ఉంది, చూపు తలుపు దగ్గర ఉంది.