మన ఇంటిపేరు ఎక్కడ జారిపోయిందంటే

పెరంబూరు, చెన్నై

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. పోయిన నెల చిన్నోడు టెక్సస్ నుంచి ఫోన్ చేసి, "తాతయ్యా, స్కూల్లో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. మనది ఏ ఊరు?" అని అడిగాడు. నాకు వెంటనే మాట రాలేదు. నేను పుట్టింది పెరంబూరులో. మా నాన్న పుట్టింది రంగంలో. మా తాత పుట్టింది కోరంగి పక్కన. ఫోన్లో చెప్పేది కాదని ఇలా రాస్తున్నాను. సింగపూర్‌లో ఉన్న అక్క కూడా చదవాలి.

రంగం అంటే రంగూన్. గోదావరి, విశాఖపట్నం వైపు పాతవాళ్ళు బర్మా మొత్తాన్నీ ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. కాకినాడ, విశాఖ రేవుల్లో స్టీమరు ఎక్కి వరికోతలకు, రైసు మిల్లులకు, రంగూన్ రేవులో బస్తాలు మోయడానికి వేలమంది వెళ్ళారు. బర్మావాళ్ళు మనల్ని "కోరంగీలు" అనేవారు. ఒకప్పుడు ఓడలు బయల్దేరిన కోరంగి రేవు పేరే అక్కడ మన జనానికంతా పేరైపోయింది. మా తాత కూలీల్ని కుదిర్చి తీసుకెళ్ళే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని 1920లలో వెళ్ళాడు. ఆ బాకీ తీరడానికే మూడేళ్ళు పట్టిందని నాయనమ్మ చెప్పేది.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. నాయనమ్మనీ చిన్నపిల్లల్నీ ఓడ ఎక్కించి, తాత, అప్పటికి పదహారేళ్ళున్న మా నాన్న వెనక ఉండిపోయారు. తర్వాత బర్మా సరిహద్దులోని తాము అనే ఊరు దాటి, ఇంఫాల్ మీదుగా దిమాపూర్ రైలుస్టేషను దాకా నడిచారు. ఆ దారిలో ఎంతమంది పడిపోయారో మా నాన్న ఎప్పుడూ చెప్పలేదు. కలరా అన్న మాట వినిపిస్తే లేచి వెళ్ళిపోయేవాడు. మేమూ అడగలేదు.

ఇంటికి ఎప్పుడు చేరారని నాయనమ్మను అడిగితే తేదీ చెప్పేది కాదు. "చిత్రభాను వచ్చింది. ఆవకాయకి కాయలు కొడుతున్నాం. గుమ్మంలో ఇద్దరు నిలబడ్డారు, ఎవరో అనుకున్నా" అనేది. చిన్నప్పుడు ఇది కథలాగా విన్నాను. రిటైరయ్యాక పంచాంగం పట్టుకుని కూర్చుంటే తెలిసింది, ఆవిడ నాకు తేదీయే చెప్పిందని. చిత్రభాను సంవత్సరం 1942 మార్చిలో ఉగాదితో మొదలైంది. రంగూన్ జపాన్ చేతికి చిక్కింది మార్చి 8న. ఆవకాయ పెట్టేది ఎండాకాలంలో. అంటే ఏప్రిల్ చివరో, మే నెలో. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి 1882 కూడా చిత్రభానే, 2002 కూడా చిత్రభానే. పెద్దదానా, నువ్వు పుట్టింది ఆ ఏడాదే. పాతవాళ్ళు పుష్కరాల ముందనో, ఉప్పెన వచ్చిన ఏడనో చెప్తే కొట్టిపారేయకండి. అలాగే రాసుకోండి, లెక్క తర్వాత కట్టుకోవచ్చు.

మా చిన్న తాత మాత్రం రంగంలోనే ఉండిపోయాడు. 1964లో అక్కడి ప్రభుత్వం దుకాణాలు తీసేసుకుని, పెద్ద నోట్లు చెల్లవన్నాక, ఆ కుటుంబం కాందిశీకులుగా మద్రాసు రేవులో దిగింది. బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజారు అలాంటివాళ్ళు పెట్టుకున్నదే. అక్కడ మీకు అత్తో అనే బర్మా నూడుల్స్ తినిపించాను, గుర్తుందా? వాళ్ళింట్లో ఇప్పటికీ అరటి దూటతో మొహింగా అనే బర్మా చేపల పులుసు నూడుల్స్ వండుతారు.

ఇంకొక కొమ్మ ఉంది. మా తాత చిన్నాన్న ఒకాయన దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి, చెరకు తోటల్లో పనికి వెళ్ళాడు. ఆ వలస 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరడంతో మొదలై 1911 దాకా సాగింది. మొత్తం 1,52,184 మంది. ఒప్పందం మీద వెళ్ళిన ప్రతి మనిషికీ ఒక నెంబరు వేసి, పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద మచ్చలు కూడా రాసుకున్నారు. పశువుల లెక్కలాగా ఉందే అని నాకు మొదట కడుపు మండింది. కానీ ఈ రోజు ఆ రాతే ఆయన్ని మనకు చూపిస్తోంది. మేస్త్రీ వెంట రంగం వెళ్ళిన మా తాతకు అలాంటి కాగితమే లేదు.

డర్బన్ నుంచి ఆయన మునిమనవడు ఆ జాబితా నకలు పంపాడు. ఊరి పేరు గుమాస్తాకు ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో రాశాడు. కంటితో చదివితే బోధపడలేదు. పైకి గట్టిగా నాలుగుసార్లు చదివాను, అప్పుడు మన ఊరు వినబడింది. కాకినాడను ఆ రోజుల్లో కొకనాడ అని రాసేవారు, అదీ సరిపోయింది. పక్కనున్న తండ్రి పేరు, మా తాత తద్దినం పెట్టేటప్పుడు చెప్పే మూడు పేర్లలో ఒకటి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కానీ వాళ్ళకు ఇప్పుడు మన ఇంటిపేరు లేదు. అప్పలస్వామి లాంటి మనిషి పేరే అక్కడ మనవలకు ఇంటిపేరైపోయింది. అయ్యో, పోగొట్టుకున్నారే అని బాధపడ్డాను. తర్వాత మన కాగితాలు తీసి చూశాను. నన్ను ఇక్కడ బడిలో చేర్చినప్పుడు, ఈ ఊరి అలవాటు ప్రకారం, మా నాన్న పేరులో మొదటి అక్షరం ఇనిషియల్‌గా రాశారు. నాన్న సంతకం పెట్టేశాడు. మీ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడిలో మీ నాన్న పేరుంది. డర్బన్‌లో వాళ్ళకు జరిగింది పెరంబూరులో మనకూ జరిగింది, మనం గమనించలేదు అంతే. అందుకే చిన్నోడా, నీ చెట్టులో ప్రతి పేరు ముందూ ఇంటిపేరు తెలుగులో రాయి. ఆడవాళ్ళకు పుట్టింటిది కూడా రాయి. మా నాయనమ్మ పుట్టింటి పేరు నేను అడగనేలేదు. ఆ తప్పు నాది, ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

2015 డిసెంబరు వరదల్లో ట్రంకు పెట్టె తడిసి, నాన్న కాగితాలు చాలా పోయాయి. మిగిలిన ఒక ఫోటో కాపీ దీనితో పంపుతున్నాను. రంగూన్ స్టూడియోలో తీసింది. తొమ్మిదిమంది ఉన్నారు, వెనక పెన్సిలుతో ఏడుగురి పేర్లే ఉన్నాయి. కుడి చివర నిలబడ్డ ఆవిడ, ఆవిడ చంకలో పిల్ల ఎవరో చెప్పగలిగేది కాకినాడ అత్తయ్య ఒక్కతే. ఆవిడకి తొంభై దాటాయి. ఈ ఆదివారం పొద్దున్నే, మన టైము ప్రకారం తొమ్మిది లోపు, ఇద్దరూ కలిసి వీడియో కాల్ చేయండి. కాస్త గట్టిగా మాట్లాడండి, కుడి చెవి బాగానే వినబడుతుంది. చెప్పింది చెప్పినట్టు రికార్డు చేసి నాకూ పంపండి.

మీ తాతయ్య