విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా? సికిల్ సెల్ చుట్టూ మా వైపు అపోహలు, వాస్తవాలు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తజబ్బు సికిల్ సెల్ కోసం చేసే రక్తపరీక్ష రిపోర్టు వచ్చాక దాని అర్థం ఇంటివాళ్లకు విడమరిచి చెప్పడం నా పని. రిపోర్టు మరాఠీలో ఉంటుంది. బడికి వెళ్లే పిల్లలకు మరాఠీ వచ్చు, ఇంట్లో నాయనమ్మకు తెలుగు తప్ప రాదు. అందువల్ల చాలాసార్లు పదేళ్ల పిల్లే తన రక్తం గురించి తానే చదివి పెద్దలకు చెబుతుంది. ‘వాహక్’ అన్న మాట దగ్గర ఆగి నా ముఖం చూస్తుంది. జన్యువును మోసేవాళ్లు అని దాని అర్థం. ఇల్లు చేరేలోపు ఆ ఒక్క మాటకు పది అర్థాలు పుడతాయి. నాలుగు రోజుల తర్వాత అవన్నీ తిరిగి నా బల్ల దగ్గరికే వస్తాయి. ఎక్కువగా వినేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: “మా ఇద్దరికీ ఏ జబ్బూ లేదు. బిడ్డకెలా వస్తుంది?”

ఈ ప్రశ్న వెనకే సామెత కూడా వస్తుంది. “విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?” అని అత్తగారు కోడలి వైపు చూస్తూ అంటారు. సామెతలో తప్పు లేదు. విత్తులో ఏముందో పైకి కనిపించదు, అంతే.

రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్‌లో ఒక భాగం ఎలా తయారు కావాలో చెప్పే జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంటుంది. తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి చొప్పున ప్రతి మనిషిలో అది రెండు ప్రతులుగా ఉంటుంది. ఆ జన్యువు రాతలో ఒక్క అక్షరం మారితే, హిమోగ్లోబిన్ గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం అనే పూస ఉండాల్సిన చోట వాలీన్ అనే మరో పూస వచ్చి కూర్చుంటుంది. వెర్నన్ ఇంగ్రామ్ అనే శాస్త్రవేత్త 1956-57లో ఈ తేడాను పట్టుకున్నాడు. దీర్ఘం పోతే పాలు పలు అయినట్టు, తేడా అంత చిన్నది. ఫలితం మాత్రం చిన్నది కాదు. ప్రాణవాయువు తగ్గిన చోట ఆ హిమోగ్లోబిన్ పుల్లల్లా పేరుకుంటుంది, గుండ్రటి కణం కొడవలిలా వంగుతుంది. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతికితే ఇది పది ఇరవై రోజుల్లోనే చితికిపోతుంది. చితికేలోపు సన్న రక్తనాళాల్లో అడ్డుపడి, ఎముకలు విరిచినట్టు నొప్పి పుట్టిస్తుంది.

రిపోర్టులో మామూలు ప్రతిని ‘ఏ’ అని, మారినదాన్ని ‘ఎస్’ అని రాస్తారు. రెండు ప్రతులూ మారినవే అయితే ఎస్ఎస్ అని వస్తుంది. అది జబ్బు. ఒకటే మారితే ఏఎస్, అంటే వాహకులు. రెండో ప్రతి మంచి హిమోగ్లోబిన్‌ను సరిపడా తయారు చేస్తుంది కాబట్టి వాళ్లు మిరప కోతకు వెళతారు, బస్తాలు మోస్తారు, ముసలివాళ్లవుతారు. చాలామందికి తమలో ఇది ఉందని చివరిదాకా తెలియదు. అలాంటి ఇద్దరికి పెళ్లయినప్పుడే సంగతి బయటపడుతుంది.

ఒకసారి ఒక ఇంటివాళ్లు రెండేళ్ల ఎస్ఎస్ బిడ్డను, తల్లిని తీసుకొచ్చి “ఈమెకు పరీక్ష చేయండి” అన్నారు. తండ్రి బయట టీ కొట్టు దగ్గర ఉన్నాడు. పిలిపించాను. “నాకేం పరీక్ష మేడం, రోజుకు ముప్పై బస్తాలు ఎత్తుతాను” అన్నాడు. అయినా వేలు చాచాడు. మేం చేసే మొదటి పరీక్ష చాలా సులువు. వేలి కొన నుంచి తీసిన రక్తపు బొట్టును చిన్న గాజు గొట్టంలోని మందు నీళ్లలో కలిపి, ఐదు నిమిషాలు ఆగి, గొట్టాన్ని నల్ల గీతలున్న అట్ట ముందు పట్టుకోవాలి. గీతలు స్పష్టంగా కనిపిస్తే ఎస్ లేదు. జూలైలో గోదావరికి వచ్చే కొత్తనీరులా మసకబారి గీతలు మాయమైతే ఎస్ ఉన్నట్టు. అతను గొట్టాన్ని తానే తీసుకుని వెలుగు వైపు తిప్పి చూశాడు, వంచి చూశాడు, అట్టను దగ్గరికి జరిపి చూశాడు. గీతలు కనిపించలేదు.

“నా కొడుకులో ఎట్లా ఉంటుంది బిడ్డా?” అంది అతని తల్లి.

“అతనికి ఇచ్చింది మీరో, మామగారో అయి ఉండాలి కదా పెద్దమ్మా” అన్నాను.

ఆ పూట సామెత మళ్లీ వినిపించలేదు. ఎస్ఎస్ బిడ్డ పుట్టిందంటే తల్లి దగ్గరా తండ్రి దగ్గరా ఎస్ ఉన్నట్టే. ఒకరి నుంచి ఎస్, మరొకరి నుంచి బీటా తలసీమియా అనే మరో రక్తజబ్బు జన్యువు అందినా బిడ్డకు ఇలాంటి జబ్బే వస్తుంది. అప్పుడు కూడా వాటా ఇద్దరిదీ. కోడలొక్కదాని మీదే నింద మోపడానికి ఈ లెక్కలో చోటు లేదు.

ఈ గొట్టం పరీక్ష ఎస్ ఉందో లేదో మాత్రమే చెబుతుంది. ఏఎస్సా, ఎస్ఎస్సా అన్నది హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే ల్యాబు పరీక్షలు, ఎలక్ట్రోఫోరెసిస్ గానీ హెచ్‌పీఎల్‌సీ గానీ, చేస్తేనే తేలుతుంది. గొట్టం మసకబారిందని ఏడుస్తూ ఇంటికి పరుగెత్తినవాళ్లను చూశాను. ఆ రెండో కాగితం వచ్చేదాకా ఆగండి.

అపోహ: “నాలుగింట ఒకటి అన్నారు. మొదటి బిడ్డకు వచ్చేసింది, ఇక మూడు కాన్పులకు భయం లేదు”

దీనికోసం నా సొరుగులో అష్టాచెమ్మా చింతపిక్కలు పెట్టుకున్నాను. ఒకవైపు నల్లగా, అరగదీసిన వైపు తెల్లగా ఉంటాయి. తండ్రి చేతిలో ఒకటి, తల్లి చేతిలో ఒకటి పెట్టి వేయమంటాను. రెండూ తెలుపు పడితే ఏఏ. ఒకటి తెలుపు, ఒకటి నలుపు పడితే ఏఎస్. రెండూ నలుపు పడితే ఎస్ఎస్. పదిసార్లు వేసేసరికి వాళ్లకే అర్థమవుతుంది. నలుపు నలుపు పడ్డాక వెంటనే మళ్లీ నలుపు నలుపు పడవచ్చు. గింజకు గత పందెం గుర్తుండదు. వాహకులైన దంపతులకు ప్రతి కాన్పూ కొత్త పందెమే. బిడ్డకు జబ్బు రావడానికి 25 శాతం, వాహకులు కావడానికి 50 శాతం, ఏమీ లేకుండా పుట్టడానికి 25 శాతం అవకాశం ప్రతిసారీ ఉంటుంది. ముగ్గురు పిల్లలూ జబ్బు లేకుండా పుట్టిన ఇళ్లూ ఉన్నాయి, ఇద్దరికి ఇద్దరూ ఎస్ఎస్ అయిన ఇళ్లూ ఉన్నాయి.

గర్భం వచ్చిన పది వారాల తర్వాత మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ స్థితి చూసే పరీక్ష పెద్ద నగరాల్లో ఉంది. చేయించుకోవాలా వద్దా అన్నది ఆ దంపతుల ఇష్టం. ఆ మాట ఆడబిడ్డలు, తోడికోడళ్లు బయటికి వెళ్లాకే చెబుతాను.

అపోహ: “ఏఎస్ అంటే సగం జబ్బు. వయసు మీద పడితే పూర్తి జబ్బవుతుంది”

అవదు. పుట్టుకతో ఏఎస్ అయినవాళ్లు చచ్చేదాకా ఏఎస్సే. ఎండలో నీళ్లు తాగకుండా విపరీతంగా శ్రమించినప్పుడు ఇబ్బంది రావచ్చు, అరుదుగా మూత్రంలో రక్తం కనిపించవచ్చు. అంతకు మించి మందులు అక్కర్లేదు.

ఈ అపోహ వల్ల జరిగే చెడు వేరే ఉంది. పెళ్లిళ్ల కాలంలో రిపోర్టును ట్రంకుపెట్టె అడుగున దాచేస్తారు. ఆడపిల్లదైతే మరీను. గోదావరి మీద వంతెన వచ్చాక అవతలి ఒడ్డున తెలంగాణలోని కాళేశ్వరం, మహదేవపూర్ వైపు సంబంధాలకు రాకపోకలు తేలికయ్యాయి. ఇరువైపులా జాతకాలు చూస్తారు, శాఖ చూస్తారు, బంగారం తూస్తారు, ఈ ఒక్క కాగితం చూడరు. ఏఎస్ అమ్మాయి ఏఏ అబ్బాయిని చేసుకుంటే పిల్లల్లో ఒక్కరికీ ఎస్ఎస్ రాదు. కాగితం దాచడం వల్ల ఆ అమ్మాయికి పోయేది ఏఏ వరుణ్ని వెతుక్కునే అవకాశమే. ఇది రాస్తుంటే కూడా నాకు కోపం వస్తోంది.

అపోహ: “మేనరికం వల్లే ఇదంతా” / “మాది మేనరికం కాదు, మాకు రాదు”

రెండూ వింటాను, ఒక్కోసారి ఒకే ఇంట్లో. మేనరికం జన్యువును పుట్టించదు. నాయనమ్మ దగ్గర ఒక ఎస్ ఉందనుకోండి. అది కొడుకు ద్వారా మనవడికి, కూతురి ద్వారా మనవరాలికి చేరి, ఆ ఇద్దరికీ పెళ్లయితే వాళ్ల బిడ్డలో మళ్లీ ఒకచోట కలవవచ్చు. ఒకే బావి నీరు రెండు కాలువల్లో పారి ఒకే మడిలో పడినట్టు. మేనబావ, మరదలి జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటుంది. మేనమామ, అక్క కూతురు అయితే నాలుగో వంతు. అందుకే దాగి ఉండే జబ్బులు ఇలాంటి పెళ్లిళ్లలో ఎక్కువగా బయటపడతాయి. అయితే సికిల్ సెల్ జన్యువు ఒక కులంలో, ఒక తెగలో విస్తారంగా ఉన్నప్పుడు, ఏ చుట్టరికమూ లేని ఇద్దరూ వాహకులు కావచ్చు. బావామరదళ్లు ఇద్దరికీ ఏఏ వస్తే వాళ్ల పిల్లలకు ఈ జబ్బు రాదు. మిగతా దాగుడు జబ్బుల గురించి మాత్రం ఈ పరీక్ష ఏమీ చెప్పదని కూడా గుర్తుంచుకోవాలి.

అపోహ: “అది మాడియా, గోండు వాళ్ల జబ్బు”

ఆదివాసుల్లో ఎక్కువన్నది నిజం. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1952లో, నీలగిరి కొండల తెగల్లో. కానీ విదర్భలో దళితుల్లో, వెనుకబడిన కులాల్లో కూడా ఇది ఉంది. జన్యువుకు కులం పట్టింపు లేదు, మలేరియా పట్టింపు ఉంది. ఆంథనీ ఆలిసన్ అనే పరిశోధకుడు 1954లో తూర్పు ఆఫ్రికాలో చూపించింది అదే. ఒక ఎస్ ఉన్న పిల్లలు ప్రాణాంతక మలేరియాను తట్టుకుని బతికారు, పెరిగి ఆ ఎస్‌ను తమ పిల్లలకు అందించారు. మహారాష్ట్రలో మలేరియా ఎక్కువగా ఉండే జిల్లాల్లో గడ్చిరోలి ముందుంటుంది. ఇక్కడ ఎస్ ఎందుకు నిలిచిందో వేరే చెప్పాలా? ఇది విని “అయితే మా ఎస్ఎస్ పిల్లకు దోమతెర అక్కర్లేదు” అన్నారొకరు. సరిగ్గా తిరగబడిన మాట. రక్షణ ఏఎస్‌కు మాత్రమే, ఎస్ఎస్ పిల్లలకు మలేరియా సోకితే చాలా ప్రమాదం.

మలేరియా మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. జీ6పీడీ లోపం అని మరో జన్యు సమస్య ఉంది. అది ఉన్నవాళ్లకు మలేరియాకిచ్చే ప్రైమాక్విన్ మాత్ర ఇస్తే ఎర్రకణాలు చితికి మూత్రం నల్లబడవచ్చు. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉండటం వల్ల కొడుకులకు తల్లి నుంచే వస్తుంది. తల్లి మీద నింద వద్దని ఇందాక చెప్పిన నోటితోనే ఇదీ చెప్పాలి. తల్లి నుంచి రావడం వేరు, తల్లి తప్పు కావడం వేరు. అలా లెక్కేస్తే ఆడపిల్ల పుట్టిందని కోడల్ని తిట్టే ఇళ్లలో తిట్లన్నీ కొడుకుకే చెందాలి. ఎక్స్ ఇవ్వాలా, వై ఇవ్వాలా అన్నది తండ్రి కణం తేలుస్తుంది.

అపోహ: “ఆరు నెలల దాకా నిమ్మపండులా ఉన్నాడు, ఎవరిదో దిష్టి తగిలింది”

కడుపులో ఉన్న బిడ్డకు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. దాన్ని తయారు చేసే జన్యువు వేరు, అందులో ఎస్ ఉండదు. పుట్టాక ఆ జన్యువు క్రమంగా మూగబోతుంది, పెద్దల హిమోగ్లోబిన్ మొదలవుతుంది. ఐదారు నెలలకు ఎస్ఎస్ బిడ్డలో ఎస్ పైచేయి అవుతుంది. చేతులు, పాదాలు ఉబ్బి, ముట్టుకుంటే కేకలు పెడతాడు. మిరపకాయలు తిప్పిపోయడం మీ ఇష్టం, తిప్పాక నేరుగా ఆసుపత్రికి రండి. కళ్లు పచ్చబడితే కామెర్లని పసరు పోయకండి. జ్వరం 101 దాటినా, పొట్ట ఎడమవైపు ఉన్నట్టుండి గట్టిపడి ఉబ్బినా తెల్లారేదాకా ఆగకండి. అది ప్లీహంలో రక్తం చిక్కుకుపోవడం కావచ్చు, గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ జబ్బుకు ఇచ్చే హైడ్రాక్సీయూరియా మందును “క్యాన్సర్ మందట” అని పారేసినవాళ్లున్నారు. క్యాన్సర్‌లోనూ వాడతారు, నిజమే. ఇక్కడ అది చేసే మేలు, మూగబోయిన ఆ పసితనపు హిమోగ్లోబిన్‌ను కొంత మళ్లీ పలికించడం. డాక్టరు చెప్పినట్టు మధ్యమధ్య రక్తపరీక్ష చేయించుకుంటూ వాడాలి. ఐరన్ టానిక్ మాత్రం సొంతంగా కొని తాగించకండి. ఇది ఇనుము తగ్గి వచ్చిన రక్తహీనత కాదు. పదేపదే రక్తం ఎక్కించుకునేవాళ్లలో ఇనుము ఇప్పటికే ఎక్కువై ఉండవచ్చు.

అపోహ: “అమెరికాలో జన్యువునే బాగు చేస్తున్నారట, ఇక పిల్లలకు రాదు”

2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అలాంటి చికిత్సకు అనుమతి ఇచ్చాయి. రోగి మూలకణాలను బయటికి తీసి, పసితనపు హిమోగ్లోబిన్‌ను అణచిపెట్టే మీటను కత్తిరించి తిరిగి ఎక్కిస్తారు. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. బాగుపడేది ఆ మనిషి రక్తం మాత్రమే. పిల్లలకు అందేది పాత జన్యువే.

అపోహ: “గ్రహణం రోజు కూరగాయలు కోసింది, అందుకే మొర్రి”

సికిల్ సెల్‌తో సంబంధం లేకపోయినా నెలకొకసారైనా వింటాను. మన భాషే ఆ పేరు పెట్టేసింది కాబట్టి గ్రహణమొర్రి మాట వినగానే నేరం తల్లి మీదికి పోతుంది. గర్భం మొదటి రెండు మూడు నెలల్లో పెదవి భాగాలు అతుక్కోకపోతే ఇది వస్తుంది. అనేక జన్యువులు, తల్లి పోషకాహారం, పొగ, కొన్ని మందులు అందులో పాలుపంచుకుంటాయి. చంద్రుడు పాలుపంచుకోడు. శస్త్రచికిత్సతో సరవుతుంది.

ఇక పరీక్ష సంగతి. జాతీయ సికిల్ సెల్ మిషన్ 2023 జూలై 1న షహడోల్‌లో మొదలయ్యాక మా వైపు శిబిరాలకు వచ్చేవాళ్లు పెరిగారు. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లూ పెరిగారు. మొన్న ఒకాయన నాలుగోసారి వచ్చాడు. షుగరులా ఇది మారుతుందేమోనని ఆయన అనుమానం. మారదు. ఏడాది దాటిన వయసులో, ఆ ముందటి మూడు నెలల్లో రక్తం ఎక్కించుకోకుండా ఉండి, సరిగ్గా ఒక్కసారి హెచ్‌పీఎల్‌సీ చేయిస్తే జన్మకు సరిపోతుంది. అందుకని ఆ కాగితాన్ని లామినేషన్ చేయించండి. పోయిన వానాకాలం ఒకామె తెచ్చిన రిపోర్టులో పేరు, తేదీ, మా ముద్ర అన్నీ బాగానే ఉన్నాయి. ‘ఏ’ పక్కన ఉండాల్సిన రెండో అక్షరం దగ్గర మాత్రం చెదలు తినేసింది.