ఇంట్లో ఏఈడీ: అపోహలు - వాస్తవాలు

గుండె జబ్బు ఉన్నవారి ఇళ్లలో ఏఈడీ, అంటే అదుపు తప్పిన గుండెకు కరెంటు షాక్ ఇచ్చి లయ సరిచేసే చిన్న పెట్టెలాంటి యంత్రం, కొనడం పెరుగుతోంది. పెట్టె కొన్నంత శ్రద్ధ దాన్ని వాడడం మీద పెట్టకపోతే అవసరానికి అది అక్కరకు రాదు.

అపోహ: గుండెపోటు రాగానే షాక్ ఇవ్వాలి.

వాస్తవం: గుండెపోటు, కార్డియాక్ అరెస్ట్ ఒకటి కావు. మొదటిది గుండె కండరానికి రక్తం అందకపోవడం, రెండోది గుండె కొట్టుకోవడమే ఆగిపోవడం. ఛాతీ నొప్పితో చెమటలు పడుతున్నా మనిషి మాట్లాడుతుంటే కావలసింది అంబులెన్స్. పెట్టె దగ్గర పెట్టుకుని కనిపెట్టుకుని ఉండండి, చాలు. పిలిస్తే పలకనివారికి, ఊపిరి మామూలుగా ఆడనివారికి మాత్రమే ఏఈడీ. చాలామంది పొరబడేది ఇక్కడే. గుండె ఆగిన తొలి నిమిషాల్లో కొందరు నోరు తెరిచి, ఆగి ఆగి, గురకలా ఎగశ్వాస తీస్తారు. దాన్ని ఊపిరి అనుకోకండి, వెంటనే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ రక్తం ఆడించడం) మొదలుపెట్టండి. సీపీఆర్, షాక్ రెండూ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది.

అపోహ: పొరపాటున నొక్కితే బాగున్న గుండె ఆగిపోతుంది.

వాస్తవం: యంత్రం ముందు గుండె లయ చదువుతుంది. షాక్‌తో సరయ్యే లయ కనిపిస్తేనే చార్జ్ అవుతుంది, లేకపోతే బటన్ నొక్కినా ఏమీ జరగదు. లయ చదివేటప్పుడు, షాక్ ఇచ్చేటప్పుడు మాత్రం ఎవరూ రోగిని తాకకూడదు.

అపోహ: ‘షాక్ అవసరం లేదు’ అని యంత్రం చెబితే గండం గడిచినట్టే.

వాస్తవం: ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ. గుండెలో విద్యుత్ చలనమే లేనప్పుడూ యంత్రం అదే మాట చెబుతుంది. ఏఈడీ పనిచేసేది గుండె అదుపు తప్పి కంపిస్తున్నప్పుడు, లేదా నాడి అందనంత వేగంగా కొట్టుకుంటున్నప్పుడు. మనిషిలో కదలిక, మామూలు ఊపిరి రాకపోతే షాక్ ఇచ్చినా ఇవ్వకపోయినా వెంటనే ఛాతీ నొక్కడం కొనసాగించాలి: 5-6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100-120 సార్లు. శిక్షణ ఉంటే 30 నొక్కులకు 2 శ్వాసలు, లేకపోతే నొక్కులే. పరుపు మీద నొక్కితే పరుపే కిందికి పోతుంది, రోగిని నేల మీదికి దించండి. యంత్రం 2 నిమిషాలకోసారి మళ్లీ లయ చూస్తుంది. నొక్కేవారు మారడానికి అదే అదను.

అపోహ: ప్యాడ్లు ఛాతీ మీద ఎక్కడ అంటించినా ఒకటే.

వాస్తవం: కరెంటు గుండె గుండా పోవాలి. ఒకటి కుడి కాలర్ ఎముక కింద, రెండోది ఎడమ చంక కింద పక్కటెముకల మీద. రెండోదాన్ని మరీ ముందుకు, రొమ్ము మీద అంటించడం తరచూ జరిగే తప్పు. తడి ఉంటే తుడవాలి, దట్టంగా వెంట్రుకలుంటే గీసెయ్యాలి, మందు పట్టీ ఉంటే పీకెయ్యాలి. అందుకే పెట్టెతోపాటు కత్తెర, రేజర్, చిన్న తువ్వాలు ఉండాలి. చర్మం కింద పేస్‌మేకర్ ఉబ్బు కనిపిస్తే ప్యాడ్‌ను దాని మీద కాకుండా పక్కకు అంటించండి, వాడడం మాత్రం మానొద్దు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు పిల్లల ప్యాడ్లు వాడాలి. అవి లేకపోతే పెద్దవారివే ఒకటి ఛాతీ మధ్యలో, ఒకటి వీపు మీద.

అపోహ: ఒకసారి కొంటే దిగులు లేదు.

వాస్తవం: ప్యాడ్ల మీది జెల్ కొన్నేళ్లకు ఎండిపోతుంది. ఎండిన ప్యాడ్ అంటుకోదు, యంత్రం ‘ప్యాడ్లు సరిచూడండి’ అంటూ ఆగిపోతుంది. బ్యాటరీకీ గడువుంటుంది. యంత్రం సిద్ధంగా ఉందని చూపే లైటునూ, రెండు గడువు తేదీలనూ నెలకోసారి చూడండి. ప్యాడ్ల కవరు ముందే చింపి చూడొద్దు. ఎండలో నిలిపిన కారులోనూ, తాళం వేసిన అలమారులోనూ పెట్టొద్దు.

అపోహ: గుండె జబ్బు ఉన్న ప్రతి ఇంటికీ ఇది తప్పనిసరి.

వాస్తవం: గుండెపోటు వచ్చి తేరుకున్న 7,001 మందితో చేసిన అధ్యయనం 2008లో వెలువడింది. ఇంట్లో ఏఈడీ ఉన్నవారికీ లేనివారికీ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంట్లో ఆగిన గుండెల్లో చాలావాటిని ఎవరూ చూడకపోవడం ఒక కారణం. ఒంటరిగా ఉండేవారికి ఇది దాదాపు ఉపయోగపడదు, తమకు తాము వాడుకోలేరు కదా. ముప్పు ఎక్కువని కార్డియాలజిస్టు చెప్పి ఉంటే ముందు ఐసీడీ గురించి అడగండి. ఒంట్లో అమర్చే ఆ పరికరం పక్కన ఎవరూ లేకపోయినా షాక్ ఇస్తుంది. అది కుదరదన్నవారి ఇంట్లో, సీపీఆర్ నేర్చుకున్నవారు ఇద్దరైనా ఉంటే, ఏఈడీ కొనడం సబబే.