లిపి లేకపోతే భాష కాదా?

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న ఒక భాష మాట వచ్చినప్పుడు మీలో ఒకరు "దానికి లిపి లేదు కదా తాతయ్యా, భాష ఎలా అవుతుంది?" అన్నారు. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేసే సంగతి కాదు గనక రాస్తున్నాను. తురు అనే భాష గురించి చెబుతాను, వినండి.

టాంజానియా నడిబొడ్డున సింగిడా అనే ప్రాంతం ఉంది. వానలు తక్కువ, ఎక్కడ చూసినా పెద్ద పెద్ద రాతిగుండ్లు. జొన్న, సజ్జ, పొద్దుతిరుగుడు పండిస్తారు, పశువుల్ని మేపుతారు. అక్కడివాళ్లే తురులు. తమను తాము అరిమి అని, తమ భాషను కిరిమి అని చెప్పుకుంటారు. టాంజానియా అంతటా నడిచే స్వాహిలీ భాషలో ఆ మనుషులు వన్యతురు, ఆ భాష కిన్యతురు. మాట ముందు చేరే ఆ 'వ', 'కి'లను గమనించండి. మనం 'లు', 'వాళ్లు' లాంటివి మాట చివర తగిలిస్తాం. తురు, స్వాహిలీ చేరిన బంటు కుటుంబ భాషల్లో ఆ పని మాట మొదట్లోనే జరిగిపోతుంది. తురు మాట్లాడేవాళ్లు ఐదు లక్షలకు పైమాటే.

ఆ చుట్టుపక్కల నేల భాషల విషయంలో చాలా అరుదైనది. తురు బంటు భాష. ఉత్తరాన ఇరాకు భాష కుషిటిక్ కుటుంబానిది. పశువులతో తిరిగే దతోగలది నిలోటిక్ కుటుంబం. ఆగ్నేయాన సందవే, ఉత్తరాన హద్జా భాషల్లో నాలుకతో టక్కుమని కొట్టే ధ్వనులు కూడా హల్లులే. ఇంత దగ్గరదగ్గరగా ఇన్ని వేరువేరు వంశాల భాషలు ఆఫ్రికాలో ఇంకెక్కడా కనబడవు.

ఇక రాత సంగతి. తురును రాసేది రోమన్ అక్షరాలతోనే. అక్కడి పిల్లలు బడిలో చదువుకునేది స్వాహిలీ. దానికి ఐదు అచ్చులు చాలు. తురుకు ఏడు కావాలి. ఇ-కీ ఎ-కీ మధ్య ఒకటి, ఉ-కీ ఒ-కీ మధ్య ఒకటి అదనం. స్వాహిలీ అలవాటుతో రాస్తే ఆ రెండూ పక్క అచ్చుల్లో కలిసిపోతాయి. మన 'మెడ', 'మేడ' హిందీ అక్షరాల్లో రాసి చూడండి. అక్కడ ఎ, ఏలకు ఒకటే గుర్తు వాడతారు కాబట్టి రెండూ ఒకలాగే కనబడతాయి. పక్కనున్న రంగి భాషకూ ఏడు అచ్చులే. వాళ్లు రోమన్ ఐ, యూ అక్షరాల మీద అడ్డగీత గీసి ఆ చిక్కు విప్పుకున్నారు.

అచ్చుల తర్వాత స్వరం. తురులో గొంతు పైకి లేవడం, దిగడం కూడా మాటలో భాగమే. విచిత్రమేమిటంటే, ఆ పైస్వరం పుట్టే అక్షరం ఒకటి, వినబడేది దాని తర్వాతి అక్షరం మీద. హోవర్డ్ ఓల్సన్ అనే లూథరన్ మిషనరీ 1964లో ఈ భాష ధ్వనుల మీద, పదనిర్మాణం మీద పుస్తకం వేశారు. స్వరాలను అధ్యయనం చేసే పండితులు ఈనాటికీ తురును ఉదాహరణగా చెబుతారు. స్వాహిలీలో ఇలాంటి స్వరభేదం లేదు కాబట్టి, బడిలో నేర్చిన రాతతో దాన్ని చూపించే దారి ఆ పిల్లలకు దొరకదు.

స్వాహిలీని తప్పుపట్టడం లేదు నేను. నూరుకు పైగా భాషలున్న దేశాన్ని ఒక్కతాటి మీద నిలిపింది అదే. ఆ దేశపు తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరేరే ఇంటిభాష జనాకి అయినా, షేక్‌స్పియర్ నాటకాలను స్వాహిలీలోకే అనువదించారు. కానీ ఇంట్లో ఏడు అచ్చులతో మాట్లాడే పిల్ల బడిలో ఐదుతోనే రాయాల్సి రావడం నాకు బాధగానే ఉంటుంది.

ఈ బాధ మన గిడుగు రామమూర్తి గారికి బాగా తెలుసు. పర్లాకిమిడిలో ఉంటూ అక్కడి గిరిజనులైన సవరల భాష సవర నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం తెలుగు లిపిలో సవర పుస్తకాలు రాశారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. తర్వాత 1936లో ఒడిశా వైపు మంగెయి గొమాంగో సవరకు సొంత లిపి, సొరంగ్ సొంపెంగ్, తయారుచేశారు. ఒకే భాష, రెండు రాతలు. ఆ రెండూ పుట్టకముందు కూడా సవర నిండైన భాషే.

మీ తాతయ్య