అప్‌డేట్ సర్వర్ పడిపోతే: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో కూర్చుని మెడికల్ షాపుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్లు పంపే సర్వర్‌ను చూసుకోవడం నా పని. కాజీపేట నుంచి పరకాల, నర్సంపేట, ఏటూరునాగారం దాకా మా షాపులున్నాయి. 2025 సెప్టెంబర్ 21, ఆదివారం, ఎంగిలిపూల బతుకమ్మ. తెల్లారితే కొత్త జీఎస్టీ, చాలా మందుల మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గుతుంది. రాత్రే కొత్త వెర్షన్ ఎక్కించాను. పొద్దున షట్టర్లు లేచేసరికి సర్వర్ పడిపోయింది. ఆ రోజు షాపుల నుంచీ, మా ఆఫీసులోనూ విన్న మాటలే ఇవి.

అపోహ: "సర్వర్ పోయిందంటే మా లెక్కలు పోయినట్టేనా అన్నా?"

కాదు. అప్‌డేట్ సర్వర్ కొత్త ఫైళ్లు పంచుతుంది, అంతే. మా సాఫ్ట్‌వేర్‌లో బిల్లులు, స్టాకు మీ కంప్యూటర్‌లోనే ఉంటాయి. కంగారుపడి సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేసుకుంటేనే డేటాకు ముప్పు.

అపోహ: మళ్లీ మళ్లీ నొక్కితే ఎప్పుడో ఒకసారి ఎక్కుతుంది.

సర్వర్‌ను లేవనివ్వనిది ఇదే. 600 కంప్యూటర్లు పది సెకన్లకోసారి అడిగితే సెకనుకు 60 సార్లు అడిగినట్టు. డౌన్‌లోడ్ సగంలో తెగితే మళ్లీ మొదటి నుంచి. సర్వర్ లేచిన ప్రతిసారీ అందరూ ఒక్కసారే మీదపడతారు, మళ్లీ కూలుతుంది. మేడారం జాతరకు తాడ్వాయి దగ్గర బండ్లను ఆపి విడతలుగా వదిలినట్టు ఇక్కడా వదలాలి. సర్వర్ 503 ("ఇప్పుడు కుదరదు" అనే కోడ్) అని చెబుతూ, ఎంతసేపాగి రావాలో కూడా చెప్పాలి. షాపు కంప్యూటర్ ఒక నిమిషం, తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది, ఇలా ఆగుతూ పోవాలి. దానికి తలా కొన్ని సెకన్లు అటూఇటూ కలపాలి, లేకపోతే అందరూ ఒకే లెక్కన ఆగి ఒకేసారి తిరిగొస్తారు. మేం ముందు 20 షాపులకే తలుపు తీశాం.

అపోహ: రీస్టార్ట్ కొడితే సరిపోతుంది.

నేనూ మొదట అదే చేశాను, రెండుసార్లు. అరగంట పోయింది. తర్వాత చూస్తే డిస్కు 100 శాతం నిండి ఉంది. పాత లాగ్ ఫైళ్లను (సర్వర్ చేసిన ప్రతి పనినీ రాసుకునే ఫైళ్లు) ఎప్పటికప్పుడు తీసేసే ఏర్పాటు నేను పెట్టలేదు, తప్పు నాదే. చోటు లేక, ఏ వెర్షన్ ఉందో చెప్పే జాబితా ఫైలు సగమే రాసి ఆగింది. ఇప్పుడు అప్‌డేట్ ఫైళ్లు మొత్తం ఎక్కాకే జాబితాను వేరే పేరుతో రాసి, సరిచూసి, ఆఖరున పేరు మారుస్తున్నాం. షాపులకు సగం ఫైలు కనబడే వీలే లేదు.

అపోహ: "డిజిటల్ సంతకం చెక్ తీసేయ్, పనైపోతది."

ఫైలు మా దగ్గర నుంచే, మార్పు లేకుండా వచ్చిందని చూపేదే డిజిటల్ సంతకం. జాబితా సగమే ఉండటంతో షాపుల్లో "సంతకం సరిపోలేదు" అని వచ్చింది. మా ఆఫీసులోనే ఈ సలహా వచ్చింది. నేను ఒప్పుకోలేదు, ఎప్పటికీ ఒప్పుకోను. 2017 జూన్ 27న ఉక్రెయిన్‌లో నాట్‌పెట్యా అనే హానికర ప్రోగ్రామ్ పాకింది మీడాక్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల దారినే. మనది కూడా లెక్కల సాఫ్ట్‌వేరే. సంతకం కుదరలేదంటే ఆ చెక్ తన పని తాను చేసిందని. సరిచేయాల్సింది ఫైలును.

అపోహ: జనానికి తెలియకముందే సరిచేద్దాం, చెప్పడమెందుకు?

కౌంటర్ ముందు మందుల చీటీ పట్టుకుని మనిషి నిలబడ్డాడు. షాపాయనకు అప్పటికే తెలుసు. గ్రూపులో ఇలా పెట్టాం: "అప్‌డేట్ సర్వర్ ఆగింది. మీ డేటా భద్రం. బటన్ నొక్కకండి. అప్పటిదాకా బిల్లు బుక్కులో కొత్త రేటుతో రాయండి. పదిన్నరకు మళ్లీ చెప్తాం." పదిన్నరకు పని కాలేదు. అయినా ఇంకా కాలేదని ఆ టైముకే చెప్పాం. ఫోన్లు తగ్గాయి.

అపోహ: సర్వర్ లేచింది, ఇక పనైపోయినట్టే.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ తప్పుడు అప్‌డేట్‌ను మన టైమ్ ప్రకారం ఉదయం 9:39కి వదిలి, 10:57కి వెనక్కి తీసుకుంది. అంటే 78 నిమిషాలు. కానీ దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లు దెబ్బతిన్నాయి. చాలావాటి దగ్గరికి మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో (అవసరమైనవి మాత్రమే నడిచే పద్ధతిలో) తెరిచి ఆ ఫైలు చెరిపితేగానీ లేవలేదు.

మా సర్వర్ మధ్యాహ్నానికి నిలబడింది. సాయంత్రం షాపుల జాబితా తీస్తే 11 షాపులు ఇంకా పాత వెర్షన్‌లోనే ఉన్నాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాం. సగం దిగిన ఫైలును కొందరి కంప్యూటర్లలో చెరిపించాం. ఏటూరునాగారంలో ఒకాయన పండుగకు ఊరెళ్లి షాపే తెరవలేదు. మంగళవారం పొద్దున ఆయన కంప్యూటర్ ఆన్ చేశాడు. మా జాబితాలో ఆ వరుస మారింది. అప్పుడు గ్రూపులో "అందరికీ ఎక్కింది" అని రాశాను.