పాముకాటు: క్యాజువాలిటీలో నేను వినే అపోహలు, అసలు వాస్తవాలు

తొలకరి పడగానే మా క్యాజువాలిటీలో నేను చేసే మొదటి పని గాజు ట్యూబులు లెక్కపెట్టుకోవడం. కొత్తవి, పొడివి, సబ్బు నీళ్ళు తగలనివి కావాలి. వాటితో ఏం చేస్తామో కింద చెబుతాను. డెల్టాలో నాట్లు మొదలయ్యాయంటే మాకు పాముకాటు కేసులు మొదలైనట్టే. పంతొమ్మిదేళ్ళుగా స్టాఫ్ నర్సుగా ఈ పల్లెల మధ్యే పని చేస్తున్నాను. మా తలుపు దాకా రాకముందే పోయిన గంటల్లో ఎక్కువ భాగం ఏదో ఒక నమ్మకం వెంట పోయినవే. అందుకే ఇది రాస్తున్నాను.

ఇది చిన్న సమస్యేమీ కాదు. టొరంటో యూనివర్సిటీ పరిశోధకులు మన దేశ పరిశోధకులతో కలిసి 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది అని అందులో తేలింది. చనిపోయినవాళ్ళలో నాలుగో వంతుకు పైగా 15 ఏళ్ళలోపు పిల్లలే. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వానాకాలంలోనే. ఎక్కువ మరణాలు నమోదైన ఎనిమిది రాష్ట్రాల జాబితాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

అపోహ: గాట్లు లేవు, వాపు లేదు, అంటే పాము కరవలేదు

అన్నిటికన్నా ప్రమాదమైన నమ్మకం ఇదే.

కొన్నేళ్ళ క్రితం సెప్టెంబరులో, తెల్లవారుజామున నాలుగింటికి పద్నాలుగేళ్ళ పిల్లాణ్ణి తీసుకొచ్చారు. కడుపునొప్పి, ఒకసారి వాంతి. "రాత్రి తిన్న చేపల పులుసు పడలేదు సిస్టర్, ఇంజెక్షన్ ఇచ్చి పంపేయండి" అంది వాళ్ళమ్మ. పిల్లాడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పేరు అడిగితే మాట ముక్కుతో వచ్చినట్టు వచ్చింది. తల కదపకుండా పైన ఫ్యాన్ వైపు చూడమన్నాను. కళ్ళు పైకి తిప్పడానికి ప్రయత్నించాడు కానీ రెప్పలు లేవలేదు. అప్పుడే డ్యూటీ డాక్టర్‌ని లేపాను. రాత్రి ఎక్కడ పడుకున్నాడని అడిగితే "కిందే, చాప మీద" అన్నారు. టార్చి వేసి కాళ్ళూ చేతులూ చెవుల వెనకా వెతికాం. ఎక్కడా గాటు కనిపించలేదు.

కట్లపాము కాటు ఇలాగే ఉంటుంది. అది రాత్రిపూట తిరిగే పాము. ఎలుకల కోసమో వేరే పాముల కోసమో ఇంట్లోకి వస్తుంది. నేల మీద పడుకున్న మనిషి పక్కకు దొర్లితే కరుస్తుంది. కోరలు సన్నగా, చిన్నగా ఉంటాయి కాబట్టి చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు రాదు, నిద్ర కూడా చెడదు. కొన్ని గంటలకు కడుపునొప్పి వస్తుంది. ఆ తర్వాత రెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది, చివరికి ఊపిరి తీసుకునే కండరాలు ఆగిపోతాయి. వానాకాలంలో కింద పడుకుని లేచిన మనిషికి కారణం తెలియని కడుపునొప్పి వస్తే, రెప్పలు బరువెక్కితే పాముకాటు అనే అనుకుని బయల్దేరండి.

ఆ రోజు యాంటీ వెనమ్, అంటే పాము విషానికి విరుగుడు మందు, మొదలుపెట్టాం. కానీ ఈ విషం నరాల చివర్లను దెబ్బతీసేస్తే మందు ఆ దెబ్బను వెనక్కి తిప్పలేదు, రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్ని మాత్రమే పట్టుకుంటుంది. నరాలు కోలుకునే దాకా ఊపిరి మనమే అందించాలి. గొంతులో ట్యూబు వేశాక, జిల్లా ఆసుపత్రి దాకా 108లో అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) నేనే నొక్కుతూ వెళ్ళాను. పిల్లాడు కట్టెలా పడి ఉన్నాడు. వాళ్ళ నాన్న "ఇంకేం ఉందమ్మా, పోయాడు" అని ఏడుస్తున్నాడు. పోలేదు. ఈ దశలో మనిషి వేలు కూడా కదపలేడు కానీ చాలాసార్లు మెలకువగానే ఉంటాడు, అన్నీ వినిపిస్తుంటాయి. అందుకే ఒకటి, రెండు అని ఊపిరులు లెక్కపెడుతూ పిల్లాడితో మాట్లాడుతూనే ఉన్నాను. ట్యూబు తీశాక చూడ్డానికి వెళితే, "మీరు దారి పొడుగునా అంకెలు చెప్పారు" అన్నాడు.

దోమతెర కట్టుకుని, చుట్టూ పరుపు కిందికి దోపుకుని పడుకోండి. ఆగ్నేయ నేపాల్‌లో పరిశోధకులు ఇదే విషయం మీద పని చేసి 2007లో ప్రచురించారు. దోమతెరలో పడుకున్నవాళ్ళను పాములు కరవడం చాలా చాలా తక్కువని తేలింది. మంచం ఉంటే ఇంకా మంచిది.

అపోహ: వేపాకు చేదు తెలిస్తే విషం ఎక్కనట్టే

వేపాకు నమిలించడం, పచ్చిమిరపకాయ కొరికించడం, కాటు మీద నల్లరాయి అంటించడం, కోడిపిల్లను పెట్టడం, ఫోన్‌లో మంత్రం వేయించడం. ఇవన్నీ చూశాను. పాము విషానికీ నాలుక మీద చేదుకీ సంబంధం లేదు. రక్తపింజర కరిచి, చిగుళ్ళ నుంచి రక్తం కారుతున్న మనిషికి కూడా వేపాకు చేదుగానే ఉంటుంది.

మరి మంత్రం వేయించుకున్నవాళ్ళు బతుకుతున్నారు కదా అని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న, సమాధానం చెప్పాలి. మన చుట్టూ తిరిగే పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివే: జెర్రిపోతు, నీరుకట్టె, పూడుపాము. విషపాము కూడా కొన్నిసార్లు విషం దింపకుండా ఒట్టి కాటు వేస్తుంది. వీళ్ళందరూ ఏం చేసినా, ఏమీ చేయకపోయినా బతుకుతారు. ఆ పేరు మంత్రానికి వస్తుంది. ఆ పేరు నమ్మి తర్వాత వెళ్ళిన రక్తపింజర కేసు మా దగ్గరికి ఆరు గంటలు ఆలస్యంగా వస్తుంది, మూత్రం ఎర్రగా మారి, కిడ్నీలు దెబ్బతిని.

అయినా మంత్రం వేసే పెద్దాయన్ని తిట్టడం వల్ల ఒరిగేదేమీ లేదని నా అనుభవం. సర్వీసు మొదట్లో నేనూ బంధువుల మీద అరిచేదాన్ని. దాంతో వాళ్ళు మరుసటిసారి ఎక్కడెక్కడ తిరిగి వచ్చారో మాకు దాచిపెట్టడం మొదలుపెట్టారు. వైద్యానికి కావాల్సిన ముఖ్యమైన సంగతి, అంటే కాటు పడిన టైమ్, మాకు తెలియకుండా పోయింది. ఇప్పుడు ఆశా కార్యకర్తల మీటింగుల్లో ఒకటే చెబుతున్నాను: ఆ పెద్దాయన్నే కలుపుకోండి, "మంత్రం ఆటోలో కూర్చుని వేయండి, బండి మాత్రం ఆసుపత్రికి పోనివ్వండి" అని అడగండి. మా పక్క ఊళ్ళో ఒకాయన ఇప్పుడు తనే పేషెంట్లను వెంటబెట్టుకుని వస్తాడు.

అపోహ: పైన గట్టిగా కట్టు కడితే విషం ఎక్కదు

పంచె అంచు, నైలాన్ తాడు, ఒకసారి మోటారు వైరు కూడా కట్టి తెచ్చారు. కట్టు కింద కాలు నల్లబడిపోయింది. కట్టు విషాన్ని పూర్తిగా ఆపలేదు, రక్తాన్ని ఆపింది. రక్తపింజర, నాగుపాము కాట్లలో కండ కుళ్ళే గుణం ఎలాగూ ఉంటుంది, దానికి ఇది తోడైతే కాలు తీసేయాల్సి రావచ్చు. అలాగని కట్టు కట్టి తెచ్చినవాళ్ళు దారిలో కంగారుపడి విప్పకండి. ఒక్కసారిగా విప్పితే అక్కడ ఆగిన విషం ఒంట్లోకి దూసుకుపోతుంది. డాక్టర్ పక్కన ఉండగా, సెలైన్ లైను పెట్టి, మందు సిద్ధం చేసుకున్నాకే మేం విప్పుతాం.

కోయడం, నోటితో పీల్చడం, ఐస్ పెట్టడం, కరెంటు షాక్ ఇవ్వడం, ఏదీ వద్దు. ఉంగరాలు, గాజులు, పట్టీలు, మెట్టెలు వెంటనే తీసేయండి, వాపు వస్తే కోసి తీయాల్సి వస్తుంది. ఎముక విరిగితే ఎలా బద్ద కడతామో అలా కాలో చెయ్యో కదలకుండా వదులుగా కట్టండి. నడిపించకండి.

అపోహ: పామును చంపి తెస్తేనే వైద్యం చేస్తారు

గోనెసంచిలో పామును తెచ్చి టేబుల్ మీద పెట్టినవాళ్ళున్నారు. తల తెగిన పాము కూడా కొంతసేపటి దాకా కరవగలదు. పామును వెతుకుతూ ఇంకొకరు కాటు తిన్న కేసులు కూడా చూశాం. దూరం నుంచి ఫోటో దొరికితే సరే, లేకపోతే వదిలేయండి. మేం చూసేది పామును కాదు, మనిషిని.

ఇక్కడే గాజు ట్యూబు పని. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి ట్యూబులో పోసి, కదపకుండా సరిగ్గా ఇరవై నిమిషాలు ఉంచుతాం. తర్వాత ఒక్కసారి వంచి చూస్తాం. మామూలు రక్తమైతే గడ్డకట్టి ట్యూబుకు అంటుకుని ఉంటుంది. నీళ్ళలా జారిందంటే పింజర విషం గడ్డకట్టే శక్తిని తినేసిందని అర్థం. ఏ మందూ అక్కర్లేని పరీక్ష ఇది, ప్రాణం నిలబెడుతుంది. ప్లాస్టిక్ ట్యూబు పనికిరాదు, దానిలో మంచి రక్తం కూడా సరిగ్గా గడ్డకట్టదు. సబ్బుతో కడిగిన గాజుదీ అదే తంతు. కొత్తగా చేరిన నర్సులకు నేను ఇదే ముందు నేర్పిస్తాను. మొదటిసారి గడ్డకట్టిందని ఇంటికి పంపకూడదు, మళ్ళీ మళ్ళీ చూడాలి. ఏ లక్షణమూ లేకపోయినా 24 గంటలు ఉంచుకుంటాం. "బాగానే ఉన్నాడుగా" అని సంతకం పెట్టి తీసుకెళ్ళకండి.

అపోహ: పిల్లలకు సగం డోసు చాలు

కరిచేది పిల్లాణ్ణే కదా అని పాము తక్కువ విషం దించదు. కాబట్టి చిన్నపిల్లలకూ పెద్దవాళ్ళంత డోసే. సాధారణంగా 10 వయల్స్‌తో (చిన్న మందు సీసాలతో) మొదలుపెట్టి, సెలైన్‌లో కలిపి సుమారు గంటలో ఎక్కిస్తాం. గర్భిణులకూ ఇస్తాం. ముందుగా చర్మం మీద టెస్ట్ డోస్ వేయాలన్న పాత అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది, అది రియాక్షన్‌ను ముందే పసిగట్టలేదు, టైమ్ వృథా. రియాక్షన్ మాత్రం నిజంగానే వస్తుంది, ఎందుకంటే ఈ మందు గుర్రాల రక్తం నుంచి తీస్తారు. దురద, దద్దుర్లు, వణుకు, బీపీ పడిపోవడం. అందుకే ఆ రియాక్షన్‌ను అదుపు చేసే అడ్రినలిన్ మందును సిరంజిలోకి ఎక్కించుకుని పక్కనే పెట్టుకుంటాను, మొదటి పావుగంట మంచం దగ్గరి నుంచి కదలను.

మన దేశంలో దొరికే యాంటీ వెనమ్ నాలుగు పాములకు పని చేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. దాని తయారీకి కావాల్సిన విషం ఎక్కువగా తమిళనాడులోని ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచే వస్తుంది. అయితే ఒకే జాతి పాము విషం ఊరు మారితే మారుతుంది. బెంగళూరులోని ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) పరిశోధకులు 34 చోట్ల 115 రక్తపింజరల విషం పరీక్షించి, ఎండ, వాన, ఉక్కపోత వంటి స్థానిక వాతావరణానికీ విషం గుణానికీ సంబంధం ఉందని 2025లో చెప్పారు. ఒకరికి 10 వయల్స్‌తో తగ్గితే ఇంకొకరికి 20 ఎందుకు పడుతున్నాయని బంధువులు అడిగినప్పుడు, ఎంత విషం దిగింది అన్నదాంతో పాటు ఇదీ ఒక కారణం కావచ్చని చెబుతున్నాను.

అపోహ: పాములన్నిటినీ చంపేస్తే గొడవ ఉండదు

చేలో ఎలుకలు ఉన్నంతకాలం పాములు వస్తాయి. జెర్రిపోతును చంపితే ఎలుకలు పెరుగుతాయి, ఎలుకల కోసం నాగుపాము వస్తుంది. ధాన్యం బస్తాలు పడుకునే గదిలో పెట్టకండి. గడ్డివాములో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి. రాత్రి నీళ్ళు కట్టడానికి వెళ్ళేవాళ్ళు టార్చి, బూట్లు లేకుండా వెళ్ళకండి. పాము పగ పట్టడం అనేది లేదు, దానికి మనిషి ముఖం గుర్తుండదు.

అపోహ: అంబులెన్స్ వచ్చేదాకా ఆగాలి

108కి ఫోన్ చేయండి, కానీ రావడానికి ఆలస్యమైతే బైక్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి బయల్దేరండి. ఆగ్నేయ నేపాల్‌లోనే కొన్ని పల్లెల్లో బైకులున్న వాలంటీర్లతో ఇదే పని చేయించారు, ఊళ్ళల్లో అవగాహన కూడా కల్పించారు. కాటు పడినవాళ్ళలో మరణాలు నూటికి పదికి పైగా ఉన్నవి ఒకటి కంటే తక్కువకు పడిపోయాయి. మందు మారలేదు, డాక్టర్లు మారలేదు. ముందే ఫోన్ చేసి యాంటీ వెనమ్ ఉందో లేదో కనుక్కోండి, లేని ఆసుపత్రికి వెళ్ళి గంట పోగొట్టుకోవద్దు.

డిశ్చార్జి రోజున కేస్ షీట్ చేతిలో పెడుతూ ఒక మాట చెబుతాను. వారం, పది రోజుల తర్వాత జ్వరం, కీళ్ళ నొప్పులు, దురద వస్తే అది విషం తిరగబెట్టడం కాదు, మందుకు ఒళ్ళు చూపించే ప్రతిస్పందన, మాత్రలతో తగ్గుతుంది. పసరు వాడకండి, మా దగ్గరికే రండి. ఈ మాట పేషెంటుకు కాదు, పక్కన నిలబడిన అత్తగారికి చెబుతాను, ఇంట్లో నిర్ణయం తీసుకునేది ఆవిడే కాబట్టి.